నేల వెచ్చగా... పొరుగు చల్లగా!

పై ఇంట్లో పిల్లాడు పరిగెడితే కింది ఇంట్లో గుండెదడ. అపార్ట్‌మెంట్లున్న ప్రతిచోటా ఉన్న తంటానే ఇది. ఇంటిని వెచ్చగా ఉంచుతూనే చప్పుడు కిందికి దిగకుండా ఆపే 'పొరల నేల' కోసం కొరియావాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నారు. ఆ కుస్తీలో మనం నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

పైన ఎవరో కుర్చీ జరుపుతారు. కింద పుస్తకం ముందు కూర్చున్న పిల్ల ఉలిక్కిపడుతుంది. తెల్లారకముందే పైన చిన్న రోట్లో అల్లం దంచుతారు. రాత్రి డ్యూటీ చేసొచ్చి కింద పడుకున్న మనిషికి నిద్ర ఎగిరిపోతుంది. నిజానికి ఎవరి తప్పూ లేదు. అయినా లిఫ్టులో ఎదురుపడినప్పుడు పలకరింపులు తగ్గిపోతాయి. 'వాళ్లకు బొత్తిగా మర్యాద లేదు' అని వీళ్లూ, 'ఇంట్లో నడవడం కూడా తప్పేనా' అని వాళ్లూ అనుకుంటారు.

దక్షిణ కొరియాలో ఈ గొడవకు ప్రత్యేకంగా ఓ పేరే ఉంది... 'చుంగన్ సొయుం'. అంటే అంతస్తుల మధ్య చప్పుడు అని. అక్కడ సగానికి పైగా కుటుంబాలు అపార్ట్‌మెంట్లలోనే ఉంటాయి మరి. ఇరుగుపొరుగు తగాదాలు తీర్చేందుకు 2012లో ప్రభుత్వమే ఓ కేంద్రాన్ని తెరిచింది. దానికి 2019లో వచ్చిన ఫిర్యాదులు 26 వేలకు పైగా. కరోనాతో అందరూ ఇంటిపట్టునే ఉండిపోయిన 2020లో అవి 42 వేలు దాటాయి. 2021లో 46 వేలు దాటాయి. వాటిలో మూడింట రెండొంతులు ఒక్క కారణంతోనే... పిల్లల పరుగులు, పెద్దల అడుగులు!

గొడవ మాటలతో ఆగితే ఫర్వాలేదు. 2013 ఫిబ్రవరిలో, అక్కడివారి కొత్త సంవత్సరం పండగ సెలవుల్లో, సియోల్‌లోని ఓ అపార్ట్‌మెంట్లో తల్లిదండ్రులను చూడటానికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు చప్పుడు గురించి కింది ఇంటివాళ్లతో వచ్చిన తగాదాలో హత్యకు గురయ్యారు. దేశం మొత్తం ఉలిక్కిపడింది. అందరి చూపూ నేల మీద పడింది.

ఆ నేల మామూలు నేల కాదు. అది వెచ్చటి నేల.

పొయ్యి వంటింట్లో... వెచ్చదనం పడగ్గదిలో

చలి పెడితే మన పల్లెల్లో నెగడు వేసుకుంటారు, కుంపటి పెట్టుకుంటారు. కొరియావాళ్లు అలా మంట చుట్టూ చేరలేదు. మంట పొగనే నేల కిందికి పంపారు. వంటింట్లో పొయ్యి పల్లంలో ఉంటుంది. దాని వేడి, పొగ పక్కగది నేల అడుగున ఉన్న కాలువల్లోంచి పారి, ఇంటి అవతల ఉన్న పొగగొట్టంలోంచి బయటికి పోతాయి. కాలువల మీద పరిచిన రాతి పలకలు ఆ వేడిని పీల్చుకుని తెల్లవార్లూ మెల్లమెల్లగా వదులుతుంటాయి. పలకల మీద మట్టి, దాని మీద నూనె పట్టించిన మందపాటి కాగితం. అన్నం ఉడికిన మంటే పక్కను వెచ్చబెట్టేదన్నమాట. ఈ పద్ధతి పేరు 'ఒండోల్'. తినడం, కూర్చోవడం, పడుకోవడం అంతా నేల మీదే కాబట్టి వాళ్లకు వెచ్చటి నేలే ఇల్లు. 2018లో కొరియా ఈ ఒండోల్ సంస్కృతిని జాతీయ వారసత్వంగా గుర్తించింది.

దీన్ని చూసి ముచ్చటపడ్డవారిలో అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒకరు. టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కట్టే పని మీద వెళ్లినప్పుడు బేరన్ ఒకురా అనే సంపన్నుడి ఇంటికి చలికాలంలో విందుకు వెళ్లారాయన. భోజనాల గదిలో చలికి వణికిపోయారు. తర్వాత 'కొరియా గది'లోకి తీసుకెళితే ఒక్కసారిగా వసంతం వచ్చినట్టు అనిపించిందట. ఎక్కడా పొయ్యి లేదు, రేడియేటర్ లేదు. వేడంతా కాళ్ల కిందినుంచే! వెంటనే ఆ హోటల్ స్నానాల గదుల నేల అడుగున కరెంటుతో వేడెక్కే పరికరాలు పెట్టించారు. 1923లో తెరిచిన ఆ హోటల్‌ను తర్వాత 1960ల చివర్లో కూల్చేశారు కానీ, ఆలోచన మాత్రం నిలిచిపోయింది. 1937లో అమెరికాలోని మాడిసన్‌లో కట్టిన జేకబ్స్ ఇంటికి రైట్ నేల కింద గొట్టాలే వేయించారు.

కొరియాలో మాత్రం కథ వేరే దారి పట్టింది. కట్టెల స్థానంలో బొగ్గు ఇటుకలు వచ్చాయి. నేల పగుళ్లలోంచి విషవాయువు గదిలోకి వచ్చి ఎందరో నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. మరోవైపు అపార్ట్‌మెంట్లు లేచాయి. పదో అంతస్తులో కట్టెల పొయ్యి ఎలా పెడతారు? అందుకే పొగ కాలువల బదులు వేడినీటి గొట్టాలు వచ్చాయి. విషవాయువు బెడద తగ్గింది, వెచ్చదనం మిగిలింది. కానీ ఇప్పుడు ఒకరి నేల ఇంకొకరి పైకప్పు అయింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

పూతరేకుల్లాంటి నేల

ఇవాళ్టి కొరియా అపార్ట్‌మెంట్లో నేలను నిలువుగా కోసి చూస్తే పూతరేకు మడతల్లా పొరలు కనిపిస్తాయి. అన్నిటికన్నా కింద కాంక్రీటు శ్లాబ్. దాని మీద 20 నుంచి 30 మిల్లీమీటర్ల మెత్తటి పొర. ఎక్కువగా థర్మాకోల్ జాతి నురగ పదార్థమే. దాని మీద 40 మిల్లీమీటర్ల నురగ కాంక్రీటు. అంటే గాలి బుడగలతో నిండిన తేలికపాటి కాంక్రీటు. ఆపైన మరో 40 మిల్లీమీటర్ల సిమెంటు గచ్చు. వేడినీటి గొట్టాలు ఉండేది ఈ గచ్చులోనే. చివరగా చెక్కో, వినైలో, టైల్సో.

ఒక్కో పొరకూ ఒక్కో పని. గచ్చు వేడిని దాచుకుని మెల్లగా పంచుతుంది. నురగ పొరలు ఆ వేడిని కిందికి జారిపోనివ్వవు. ఈ నురగ పదార్థంలో నూటికి తొంభై పాళ్లకు పైగా గాలే. గట్టి కాంక్రీటుతో పోలిస్తే దాదాపు నలభయ్యో వంతు వేడిని మాత్రమే పోనిస్తుంది. అది లేకపోతే మనం కట్టే బిల్లులో కొంత కింది ఇంటివాళ్ల పైకప్పును వెచ్చబెట్టడానికే పోతుంది.

ఆ మెత్తటి పొరకే ఇంకో పని కూడా అప్పగించారు. అదే చప్పుడును ఆపడం. బిందె కింద చుట్టకుదురు పెడితే నేలకు తగిలే దెబ్బ తగ్గుతుంది కదా... ఇదీ అంతే. పైన బరువైన గచ్చు, కింద గట్టి శ్లాబ్, మధ్యలో మెత్తటి పరుపు. పై గచ్చు శ్లాబ్‌కు గానీ గోడలకు గానీ తగలకుండా పరుపు మీద తేలుతుంటుంది. అందుకే ఇంజినీర్లు దీన్ని 'తేలే నేల' అంటారు. వేడి కిందికి పోకూడదు, చప్పుడు కిందికి దిగకూడదు. ఒకే పొరతో రెండు పనులూ అయిపోతాయని లెక్క వేశారు. వేడి విషయంలో లెక్క సరిపోయింది. చప్పుడు విషయంలోనే సగం తప్పింది!

చెంచా వేరు... చిన్నారి వేరు

చప్పుళ్లన్నీ ఒకటి కావు. చెంచా కింద పడితే 'టంగ్'మంటుంది. పిల్లాడు సోఫా మీంచి దూకితే 'ధబ్'మంటుంది. మొదటిది సన్నటి చప్పుడు, రెండోది బరువు చప్పుడు. పరీక్షలు కూడా వేరువేరే. సన్నటి చప్పుడును కొలిచే యంత్రంలో అరకిలో సుత్తులు అయిదు వరసగా ఉంటాయి. నాలుగు సెంటీమీటర్ల ఎత్తునుంచి సెకనుకు పది దెబ్బల చొప్పున నేలను కొడుతుంటాయి. బరువు చప్పుడుకు 7.3 కిలోల టైరును 85 సెంటీమీటర్ల పైనుంచి పడేసేవారు. ఇప్పుడు రెండున్నర కిలోల రబ్బరు బంతిని మీటరు ఎత్తునుంచి వదులుతున్నారు. పిల్లల గెంతులకు అదే దగ్గరగా ఉంటుందని.

సన్నటి చప్పుడును మెత్తటి పొర చక్కగా మింగేస్తుంది. బరువు చప్పుడు దగ్గరే దాని ఆటలు సాగవు. పిల్లాడు గెంతినప్పుడు పుట్టే కదలికలు సెకనుకు వందలోపే ఉంటాయి. అంత నిదానమైన కదలిక సన్నని నురగను దాటుకుని నేరుగా శ్లాబ్‌ను ఊపేస్తుంది. నాలుగువైపులా గోడలకు బిగించిన శ్లాబ్ డప్పుకు బిగించిన తోలు లాంటిది. మొత్తం ఒక్కటిగా ఊగుతుంది. ఆ ఊపు గోడల్లోకీ పాకుతుంది. ఇంకో తమాషా ఏంటంటే, పరుపు మీద తేలే గచ్చుకు తనదైన ఊపు ఒకటి ఉంటుంది. గెంతు ఊపూ దాని ఊపూ కలిశాయంటే చప్పుడు తగ్గకపోగా పెరుగుతుంది కూడా! ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టే.

దీనికి మందు బరువే. మందపాటి శ్లాబ్ అంత తేలిగ్గా ఊగదు. కొరియాలో 1990ల దాకా చాలా భవనాల శ్లాబ్‌లు 120 నుంచి 150 మిల్లీమీటర్లే. 2005 తర్వాత, గోడలే బరువు మోసే భవనాల్లో శ్లాబ్ కనీసం 210 మిల్లీమీటర్లు ఉండాలన్నారు. దూలాలు, స్తంభాలు బరువు మోసే భవనాల్లో 150 చాలన్నారు. ఊపు గోడల వెంట పాకడం అక్కడ తక్కువ కాబట్టి. తర్వాత ఎల్‌హెచ్ అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 2025 నుంచి తన కొత్త డిజైన్లలో శ్లాబ్‌ను 250 మిల్లీమీటర్లకు పెంచాలని నిర్ణయించింది.

ల్యాబ్‌లో పాస్... ఇంట్లో ఫెయిల్

నిబంధనలు బాగానే ఉన్నాయి. మరి ఇళ్లు? 2019 మేలో కొరియా ఆడిట్ సంస్థ బయటపెట్టిన నిజం జనాన్ని విస్తుపోయేలా చేసింది. కొత్తగా కట్టిన 191 ఇళ్లలో చప్పుడు కొలిస్తే 184 ఇళ్ల నేలలు ముందు ఇచ్చిన గ్రేడు కన్నా తక్కువ స్థాయిలోనే ఉన్నాయి. 114 ఇళ్లయితే కనీస ప్రమాణాన్ని కూడా అందుకోలేదు. అప్పటిదాకా కట్టకముందే నమూనా నేలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేవారు. కట్టిన ఇంటిని మళ్లీ ఎవరూ కొలిచేవారు కాదు.

తేలే నేలతో తంటా అదే. పని ఏమాత్రం అటూఇటూ అయినా తేలదు. మెత్తటి పలకల మధ్య సందు వదిలితే పైన పోసిన సిమెంటు పాలు అందులోంచి దిగి శ్లాబ్‌కు అతుక్కుంటాయి. గోడ అంచున పెట్టాల్సిన మెత్తటి పట్టీని మరచిపోతే గచ్చు గోడను పట్టుకుంటుంది. ఒక్కచోట అతుక్కున్నా చాలు, చప్పుడుకు వంతెన దొరికినట్టే. టైల్స్ వేశాక ఆ లోపం కంటికి కనిపించదు, చెవికి మాత్రం ఏళ్ల తరబడి వినిపిస్తుంది.

అందుకే 2022 ఆగస్టు నుంచి పద్ధతి మార్చారు. ఆ తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టుల్లో ఇల్లు పూర్తయ్యాక కొన్ని ఫ్లాట్లలో చప్పుడు కొలవాల్సిందే. సన్నటి చప్పుడు పరిమితిని 58 డెసిబెల్స్ నుంచి, బరువు చప్పుడు పరిమితిని 50 నుంచి... రెండింటినీ 49కి తెచ్చారు. ఇంట్లో ఉండేవాళ్లకూ గీత గీశారు. 2023 జనవరి నుంచి పైనుంచి వచ్చే అడుగుల చప్పుడు ఒక నిమిషం సగటున పగలు 39, రాత్రి 34 డెసిబెల్స్ దాటితే అది 'అంతస్తుల మధ్య చప్పుడు' కిందికే వస్తుంది. అదే ఏడాది డిసెంబరులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రమాణం అందుకోని భవనాలకు పూర్తయినట్టు అనుమతి ఇవ్వకుండా చట్టం మారుస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

కాగితమంత హీటర్

నేలను వెచ్చబెట్టడానికి ఇప్పుడు నీళ్లూ గొట్టాలూ లేని దారి కూడా ఉంది. అదే కరెంటు. ఇందులో రెండు రకాలు. ఒకటి, చాపలా అల్లిన సన్నటి హీటింగ్ తీగ. చలిదేశాల్లో స్నానాల గది టైల్స్ కింద వేస్తారు. రెండోది ఫిల్మ్. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య కార్బన్ సిరాతో అచ్చు వేసి, రెండు అంచులా రాగి పట్టీలు పెడతారు. మందం అర మిల్లీమీటరు లోపే! రాగి పట్టీల్లోంచి వచ్చిన కరెంటు కార్బన్‌లో ప్రవహించేటప్పుడు అది వేడెక్కుతుంది. సూత్రం ఇస్త్రీపెట్టెదే. కాకపోతే ఒక్కచోట మండిపోకుండా గదంతా పరచుకుని గోరువెచ్చగా ఉంటుంది. మనుషులు మసిలేచోట నేల వేడి 29 డిగ్రీలు దాటకుండా చూడాలంటారు నిపుణులు.

మరి బిల్లు? చదరపు మీటరుకు 100 నుంచి 150 వాట్లు అనుకుంటే, పది చదరపు మీటర్ల గదికి గంటకు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు. నేల వేడెక్కాక థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపేస్తుంటుంది కాబట్టి వాడకం కొంత తగ్గుతుంది. అయినా ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే వస్తుంది. అదే యూనిట్‌తో హీట్ పంప్ దాదాపు మూడింతల వేడి ఇవ్వగలదు. అందుకే ఫిల్మ్ చిన్న గదులకు, పాత ఇళ్ల మరమ్మతులకు నప్పుతుంది.

దీన్నీ పొరల మధ్యే పెట్టాలి. అడుగున వేడి ఆపే పొర లేకపోతే సగం ఖర్చు వృథా. పైన తేమ తగలని షీటు తప్పనిసరి. ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయకూడదు. మందపాటి పరుపును నేరుగా నేల మీద పరిస్తే వేడి బయటికి పోలేక అక్కడే పేరుకుంటుంది. ఇంకో మాట... 'వెచ్చదనంతో పాటు నిశ్శబ్దం కూడా' అంటూ అమ్మే పలచటి చాపలు చెంచా చప్పుడును తగ్గిస్తాయేమో గానీ గెంతుల్ని ఆపలేవు. పైగా ఫిల్మ్ పెట్టుకుని మందపాటి గచ్చు ఎగ్గొడితే, తేలే నేలకు అవసరమైన బరువు కూడా పోతుంది. వేడిని పలచటి పొరతో ఆపొచ్చు. బరువు చప్పుడును ఆపాలంటే మాత్రం బరువే కావాలి.

మన సంగతేంటి?

లంబసింగిలోనో, అరకులోనో నాలుగు వారాల చలికి తప్ప తెలుగు నేల మీద వెచ్చటి గచ్చు అవసరం పెద్దగా లేదు. మనకు వేడి వచ్చేది పైకప్పు నుంచి. కాబట్టి వేడిని ఆపే పొర ఉండాల్సింది డాబా మీద. కానీ చప్పుడు ఆపే పొర మాత్రం మనకూ కావాలి. మన అపార్ట్‌మెంట్లలో శ్లాబ్ మామూలుగా అయిదంగుళాలే. దాని మీద సిమెంటు, ఆపైన నేరుగా టైల్స్. మధ్యలో చుట్టకుదురు లేదు! 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో శబ్ద నియంత్రణకు ఓ విభాగమే ఉన్నా, ఫ్లాటు కొనేటప్పుడు దాని గురించి అడిగేవారు అరుదు. తూర్పు ముఖమా, పార్కింగ్ ఉందా, మంజీరా నీళ్లు వస్తాయా అని మాత్రం అడుగుతాం.

ఇకనుంచి ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి. శ్లాబ్ మందం ఎంత? టైల్స్ కింద మెత్తటి పొర ఏదైనా వేస్తున్నారా? గోడల అంచున పట్టీ పెడుతున్నారా? పడగ్గది మీద పై ఇంటి వంటగదో స్నానాల గదో వస్తోందా? వీలైతే ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఒకరు పై ఫ్లాట్‌లో నడవండి, కుర్చీ జరపండి. ఇంకొకరు కింద నిలబడి వినండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇప్పటికే ఉన్న ఇంట్లో...

* కుర్చీలు, బల్లల కాళ్లకు ఫెల్ట్ లేదా రబ్బరు బిళ్లలు అతికించండి. సన్నటి చప్పుడు చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

* మిక్సీ, రోలు, కుట్టుమిషన్, వాషింగ్ మెషీన్ కింద మందపాటి రబ్బరు చాప వేయండి. ఏదీ గోడకు ఆనకుండా చూడండి.

* పిల్లలు ఆడుకునేచోట కాస్త మందంగా ఉన్న నురగ చాప పరచండి. బరువు చప్పుడు పూర్తిగా పోదు గానీ పదును తగ్గుతుంది.

* గోడలకు గుడ్ల ట్రేలు, స్పాంజి అతికిస్తే గదిలో ప్రతిధ్వని తగ్గుతుందంతే. పైనుంచి వచ్చే చప్పుడు ఆగదు. డబ్బు దండగ చేసుకోవద్దు.

* ఫాల్స్ సీలింగ్ నేరుగా శ్లాబ్‌కు బిగిస్తే పెద్దగా లాభం ఉండదు. రబ్బరు హ్యాంగర్లతో వేలాడదీసి, మధ్యలో రాక్‌వూల్ నింపితే కొంత మేలు. గోడల్లోంచి దిగే చప్పుడు మాత్రం మిగులుతుంది.

* అన్నిటికన్నా ముందు, ఓసారి పై ఇంటివాళ్లను కిందికి పిలిచి, వాళ్ల పిల్లల్ని పైన మామూలుగా ఆడుకోమనండి. తమ అడుగులు కింద ఎలా వినిపిస్తాయో పైవాళ్లకు నిజంగానే తెలియదు. ఒకసారి విన్నాక చాలామంది వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు.

పిల్లలు పరిగెత్తకుండా ఎలా ఉంటారు? ఆ పరుగు బరువు మోయాల్సింది కింది ఇంటివాళ్ల ఓర్పు కాదు, మధ్యలో ఉన్న నేల. ఆ నేలను పోసేది ఒక్కసారే. మెత్తటి పొర పడాల్సిందీ అప్పుడే.